నా గిటారూ, అమ్మ రాట్నమూ

మా బ్యాండు మొదటి ఆల్బమ్ 2019లో వచ్చింది. ఏ కంపెనీ చేయీ లేదు. నలుగురం చందాలు వేసుకుని తెచ్చుకున్నాం. రెండు వందల సీడీలు వేయిస్తే, అందులో ఒకటి పట్టుకుని కోడుమూరు వెళ్లాను. అమ్మకు చదువు రాదు. సీడీని అటూ ఇటూ తిప్పి చూసి, వెనక అట్ట మీద ఏం రాశారో చదవమంది. పాటలు రాసిందీ, బాణీ కట్టిందీ, గిటారు వాయించిందీ నేనేనని చదివాను. డ్రమ్స్, బేస్, రికార్డింగ్ చేసినవాళ్ల పేర్లు చదివాను. ఆఖరి వాక్యం కొంచెం గొప్పగా చదివాను: "మగ్గం చప్పుడుతో నాకు తాళం నేర్పిన మా నాయనకు."

"బాగుంది పాపా" అని అమ్మ లేచిపోయి రాట్నం ముందు కూర్చుంది. అప్పుడు నాకేమీ తట్టలేదు. కర్నూలు బస్సులో కూర్చున్నాకే తట్టింది.

మా ఊళ్లో గద్వాల రకం చీరలు నేస్తారు. ఒళ్లు నూలు, అంచు పట్టు. షావుకారు నూలూ పట్టూ జరీ ఇచ్చి, చీర తీసుకుని మజూరీ ఇస్తాడు. ఆ మజూరీ మగ్గం గుంటలో కూర్చున్న నాయన చేతికొస్తుంది. కండెలు చుట్టడం, తెగిన పోగులు అతకడం ఇంటిపనిలో కలిసిపోతాయి. 2019-20 జాతీయ చేనేత గణనలో 35 లక్షల పైచిలుకు కార్మికులు తేలారు. వాళ్లలో నూటికి డెబ్భై మందికి పైగా ఆడవాళ్లే. అయినా నేతగాడు అనగానే మన కళ్ల ముందుకొచ్చేది మగవాడే. ఇన్ని వ్యాసాలు చదివిన నాకూ అంతే.

ఇంకో సంగతి. 2008లో హైదరాబాదులో చదువుకుంటూ సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్ గిటారు ఒకటి చూశాను. ఏడు వేలు. నాయన కసిరాడు. అమ్మ పక్కిళ్లకు కండెలు చుట్టి దాచుకున్న డబ్బు చీర చెంగులో నుంచి తీసి ఇచ్చింది.

ఇండిపెండెంట్ సంగీతం అంటే సినిమా మీద ఆధారపడనిది అని మేం వేదికల మీద గర్వంగా చెప్పుకుంటాం. ప్రాక్టీసు గదికి గంటకింత అద్దె. ప్రోగ్రాముకు వచ్చేది నలుగురం పంచుకుంటే ఆటోలకు చాలేది. ఇప్పటికీ పిల్లలకు గిటారు పాఠాలు చెప్పి బతుకుతున్నాను. తెలుగు మాటలు అచ్చుతో సాగుతాయి, రాక్‌కు పనికిరావని కొందరన్నారు. అమ్మ కోపంలో తెంచినట్టు మాట్లాడే తీరు గుర్తు తెచ్చుకుని పాటలు రాశాను. అవి బాగానే నిలిచాయి.

2012 డిసెంబరులో శ్రీనగర్‌లో ముగ్గురు బడి పిల్లలు "ప్రగాశ్" అనే బ్యాండుతో వేదికెక్కారు. బెదిరింపులూ ఫత్వా వచ్చి, 2013 ఫిబ్రవరికల్లా వాళ్లు పాట మానేశారు. నన్నలా ఎవరూ బెదిరించలేదు. గిటారు మెడలో వేసుకుని నిలబడ్డాక కూడా "మేడమ్, మీ గిటారిస్టు ఇంకా రాలేదా?" అని అడిగేవాళ్లు. అంతే. ఆ "అంతే" పదేళ్లు అరగదీస్తుంది.

2016లో నాయన కళ్లకు ఆపరేషన్ అవసరమైంది. నా పాట ఒకటి, మాటలూ బాణీ కలిపి, ఒక సంగీత దర్శకుడికి ఇచ్చేశాను. అతని పేరుతోనే సినిమాలో వచ్చింది. 2012 కాపీరైట్ సవరణ చట్టం ప్రకారం, సినిమా కోసం రాసిన పాటైనా హాలు బయట వాడుకున్నప్పుడు రచయితకూ స్వరకర్తకూ రాయల్టీలో సమాన వాటా ఉంటుంది. వదులుకుంటున్నానని సంతకం పెట్టించుకున్నా చెల్లదు. మంచి చట్టమే. కానీ అది నన్ను వెతుక్కుంటూ రావాలంటే పాట మీద నా పేరుండాలి కదా. పెళ్లి ఊరేగింపుల్లో ఆ పాట మోగినప్పుడు పక్కకు తప్పుకునేదాన్ని. షావుకారు దుకాణంలో వేలాడే చీరను అమ్మ ఎలా చూసి ఉంటుందో అప్పుడు కూడా ఆలోచించలేదు.

గిటారు ఎవర్ని చూసి నేర్చుకున్నావని అడుగుతారు. సిస్టర్ రొసెట్టా థార్ప్‌ను. 1915లో అమెరికాలో కాటన్ ప్లాంట్ అనే చిన్న ఊళ్లో పుట్టిన నల్లజాతి స్త్రీ. చర్చి పాటలను ఎలక్ట్రిక్ గిటారు మీద మోగించి, రాక్‌కు దారి వేసింది. 1973లో పోయింది. 2008 దాకా ఆమె సమాధి మీద పేరు చెక్కిన రాయి లేదు. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు 2018లో దొరికింది.

అంత దూరం పోనక్కర్లేదు కూడా. బుర్రకథ చూడండి. నడుమ తంబురా పట్టి కథ చెప్పేవాళ్లు ఒకరు, అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు. తీగ, చర్మం, గొంతు. మా బ్యాండులో ఉన్నవీ అవే. 1940ల్లో మోటూరి ఉదయం స్త్రీల బుర్రకథ దళం కట్టి ఊరూరా చెప్పారు. ఆడవాళ్లు వాయిద్యం పట్టి జనం ముందు నిలబడటం మన నేల మీద కొత్త సంగతి కాదు. నాకు ఆమె పేరు థార్ప్ పేరు తెలిసిన చాలా ఏళ్లకు తెలిసింది. ఆ తప్పు ఒక్క నాదే కాదనుకుంటాను.

ఈమధ్య ఆల్బమ్‌ను మళ్లీ వేస్తున్నప్పుడు ఆ ఆఖరి వాక్యం మార్చాలని ఊరికి పోయాను. "కండెలు చుట్టి నాకు పాట నేర్పిన అమ్మకు" అని రాస్తానన్నాను. నాకది చాలా బాగున్నట్టు తోచింది.

అమ్మ రాట్నం ఆపింది.

"నేనేం పాట నేర్పినాను పాపా? లేనిది ఏంటికి రాస్తావు? గిటారుకు ఏడు వేలు ఇచ్చింది ఈమె అని రాయి. నా పేరు సరిగ్గా రాయి."

అలాగే రాశాను.