నాన్నకు వినిపించని చప్పుడు

ఊళ్లోకి తిరిగే మలుపులో ఓ తూము ఉంది. మా బండి దాని మీదుగా వచ్చిందంటే ఇంట్లో ఉన్న అమ్మకి తెలిసిపోయేది. ముందు ఇంజిన్ మోత, వెంటనే 'ఠక్'మని ఒకే ఒక్క దెబ్బ. ఇనప కమ్మీ మీద సుత్తితో కొట్టినట్టు! ''మీ నాన్న వచ్చేశారు, మంచినీళ్లు పెట్టు'' అనేది. 2023 వేసవి సెలవులకు నేను వెళ్లేసరికి ఆ చప్పుడు మా ఇంటి గడియారం అయిపోయింది.

నాన్నని అడిగితే మాత్రం, ''చప్పుడేంటమ్మాయ్... నాకేం వినపడట్లేదే!'' అనేవారు.

నూజివీడు దగ్గర మాకు కొంచెం మామిడితోట ఉంది. కాయలు కోసి, ప్లాస్టిక్ ట్రేలకెత్తి నున్న మార్కెట్‌కు తోలుకెళ్లేది 2008లో కొన్న ఆ పికప్ బండిలోనే. ముందు బంగినపల్లి, తర్వాత రసాలు, ఆఖర్న కలెక్టర్ కాయలు. డ్రైవరును పెట్టుకోమంటే నాన్న వినరు. పదిహేనేళ్లుగా ఆ స్టీరింగు మీద ఆయన చెయ్యి తప్ప ఇంకొకరిది పడలేదు. అందుకేనేమో, బండిని ఏమన్నా అంటే ఆయన్నే అన్నట్టు ముఖం పెట్టేవారు.

ఆ చప్పుడు కోసం అప్పటికే రెండు షెడ్లు తిరిగారు. మొదటి షెడ్డులో ముందు షాకబ్జర్లు రెండూ మార్చారు. చప్పుడు పోలేదు. రెండోచోట స్టెబిలైజర్ బుష్‌లు కొత్తవి వేశారు. వారం రోజులు తగ్గినట్టే ఉండి, లోడు పడగానే మళ్లీ మొదలు. అదే షెడ్డుకి మళ్లీ వెళితే, ఈసారి స్టీరింగ్ బాక్సే మార్చేయాలన్నారు. ఆ లెక్క విని తమ్ముడు, ''పాత ఇనుముకి వేసేద్దాం నాన్నా, గోల వదిలిపోతుంది'' అన్నాడు. నాన్న ఆ పూట అన్నం సరిగా తినలేదు.

రెండు రోజులు గమనించాక నాకు అర్థమైన సంగతి వేరే. వంటింట్లో కుక్కరు మూడు కూతలు కూసినా పక్కగదిలో ఉన్న నాన్న తల తిప్పలేదు. జేబులో ఫోను మోగుతుంటే, ఎదురుగా ఉన్న మేం చెబితేగానీ తీయలేదు. ''చప్పుడు లేదు'' అని ఆయన మొండికేయడం లేదు. నిజంగానే ఆయనకు వినపడటం లేదు.

ఆ మాట తమ్ముడితో అన్నందుకు తర్వాత నొచ్చుకున్నాను. వాడు వెంటనే, ''అయితే బండి తోలడం మానేయాల్సిందే. వెనక లారీ హారను కొట్టినా వినపడకపోతే ఎలా?'' అన్నాడు. వాడు అన్నదాంట్లో తప్పులేదు. తప్పులేని మాట కాబట్టే ఎవరికీ జవాబు దొరకలేదు. సీజను నడిమధ్యలో ఉంది. తోటలో కాయ ఆగదు.

చివరికి ఓ మంగళవారం నాన్నా నేనూ ఖాళీ బండి వేసుకుని విజయవాడ ఆటోనగర్ వెళ్లాం. ముందు చక్రాల పని మాత్రమే చేసే ఓ పెద్దాయన ఉన్నారని మార్కెట్లో ఎవరో చెప్పారు. మేం వెళ్లేసరికి టీ తాగుతున్నారు. స్పానరు ముట్టుకోకుండా ముందు ప్రశ్నలు మొదలుపెట్టారు. చప్పుడు బ్రేకు వేస్తే వస్తుందా, తిప్పితే వస్తుందా? గుంతలో దిగేటప్పుడా, ఎక్కేటప్పుడా? ఖాళీగా ఉన్నప్పుడా, లోడులోనా? అన్నిటికన్నా ముఖ్యంగా, ''ఎట్టా వస్తందమ్మా? నోటితో అనండి!''

నడిరోడ్డు మీద నేను 'ఠక్' అని చూపించాను. ఆయన నవ్వలేదు. ''ఒకటేనా, వరసగానా?'' అన్నారు.

తెలుగులో చప్పుళ్లకున్నన్ని మాటలు దేనికీ లేవనిపించింది ఆ రోజు. ఆయనకి ఒక్కో మాట ఒక్కో రోగం. 'కిర్రు'మంటే ఎక్కడో రబ్బరు బుష్ ఎండిపోయిందనో, జాయింటులో గ్రీజు లేదనో అనుమానం. అనుమానం ఉన్న బుష్ మీద కాసిని నీళ్లు చల్లితే, కిర్రు ఆగిందా, దొంగ దొరికినట్టే. (నూనె మాత్రం పొయ్యకూడదట, రబ్బరు ఉబ్బి పాడవుతుంది. మేం అంతకుముందు శుభ్రంగా పోశాం!) వేగంతోపాటు పెరిగే 'గుయ్‌'మనే మోత అయితే చక్రం బేరింగ్ చూడాలి. చిన్న చిన్న కంకర మీద కూడా 'లొడలొడ'మంటే స్టెబిలైజర్ లింకు. బ్రేకు తొక్కినప్పుడల్లా 'దబ్'మంటే ఆర్ముల బుష్‌లు. తిప్పినప్పుడూ, గుంతలో పడి లేచినప్పుడూ ఒక్క 'ఠక్' అంటే ఏదో ఒక జాయింటు. అయితే ఏ జాయింటో చెవి చెప్పలేదట. ఇనుములో చప్పుడు ఒకచోట పుట్టి ఇంకోచోట పలుకుతుంది.

అందుకని బండిని నేల మీదే ఉంచి, నాన్నని స్టీరింగు దగ్గర కూర్చోబెట్టారు. ఇంజిన్ ఆపేసి ఉంది. స్టీరింగుని బెత్తెడు అటూ బెత్తెడు ఇటూ ఆడించమన్నారు. ఆయన కింద దూరి, ఒక్కో జాయింటు మీద చెయ్యి వేసి చూస్తున్నారు. ''కంటికి కనపడని కదలిక వేలికి తెలుస్తుందమ్మా'' అంటూ నన్నూ వంగి చెయ్యి పెట్టమన్నారు. టై రాడ్ ఎండ్లు రెండూ గట్టిగానే ఉన్నాయి. స్టీరింగ్ బాక్సు బోల్టులు బిగుతుగా ఉన్నాయి. మార్చేయమన్న ఆ బాక్సులో వంక పెట్టడానికేం లేదు!

అప్పుడు నాన్న కిటికీలోంచి తల బయటికి పెట్టి, ''చప్పుడు సంగతి నాకు తెలవదు గానండీ, ఎడమ చక్రం గుంతలో పడి లేచేటప్పుడు కుడి అరచేతికి చిన్న దెబ్బ కొడతంది. రెండు నెలల నుంచీ ఉంది'' అన్నారు.

పెద్దాయన బయటికొచ్చి, చేతులు తుడుచుకుంటూ, ''ఈ మాట ముందే చెప్పొచ్చుగా అన్నయ్యగారూ!'' అన్నారు.

''ఎవరూ అడగలా. అందరూ వినపడతందా అనే అడిగారు.''

నేను ఆ ఇద్దరి వంకా చూడలేక చేతికంటిన గ్రీజు తుడుచుకుంటూ నిలబడ్డాను.

తర్వాత పని చకచకా అయిపోయింది. వెనక చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టారు. జాకీని ఛాసిస్ కింద కాకుండా, ఎడమ చక్రానికి దగ్గరగా కింది ఆర్ము కింద పెట్టి లేపారు. కిటుకంతా అక్కడే ఉంది. మా బండికి ముందు బరువు మోసే టార్షన్ బార్ కింది ఆర్ముని పట్టుకుని ఉంటుంది. ఛాసిస్ కింద జాకీ పెడితే చక్రం కిందికి వేలాడుతుంది, బార్ బలానికి జాయింటు బిర్రుగా బిగుసుకుని బాగున్నట్టే నటిస్తుంది. ముందు షెడ్డులో అలాగే చూసి బాగుందన్నారు. ఛాసిస్ కిందా దిమ్మలు పేర్చాకే ఈయన ముందుకు వంగారు. జాకీని నమ్మి బండి కింద దూరకూడదని తన దగ్గర పనిచేసే కుర్రాళ్లని రోజూ తిడతారట.

టైరుని పైనొక చెయ్యి, కిందొక చెయ్యి వేసి ఊపితే కొంచెం ఆడింది. నాన్నని బ్రేకు తొక్కి పట్టుకోమన్నారు. అప్పుడు ఆట ఆగిపోతే బేరింగ్ తప్పట. ఆగలేదు. టైరు కింద గడ్డపార పెట్టి పైకి ఎత్తారు. 'ఠక్!' మా తూము దగ్గర చప్పుడు అచ్చంగా అదే.

కింది బాల్ జాయింటు. మన తుంటి కీలులాగే ఉంటుంది, గిన్నెలో గుండు. పైన రబ్బరు తొడుగు చిరిగి నీళ్లూ దుమ్మూ చేరాయి. విప్పి చూస్తే గ్రీజు ఉండాల్సినచోట ఎర్రటి తుప్పు. గుండు వేలితో ఊపితే ఊగుతోంది. ''ఇది ఇంకొంచెం అరిగితే గిన్నెలోంచి ఊడొస్తుంది. చక్రం పక్కకి పడిపోద్ది, బండి నేలకి కూలబడుద్ది'' అన్నారాయన. టన్ను కాయలతో, ఆగిరిపల్లి రోడ్డు మీద, తెల్లవారుజామున... ఆ మాట అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది.

రెండు పక్కలా కొత్తవి వేశారు. నట్టు బిగించి స్ప్లిట్ పిన్ను దూర్చి, కొసలు వంచాక నన్ను పిలిచి చూపించారు. ఎందుకో తెలియదు, లెక్కల టీచరునని చెప్పినందుకేమో. అక్కడి నుంచి అలైన్‌మెంటు చేయించుకుని వెళ్లమన్నారు. స్టీరింగ్ బాక్సుకి అడిగిన దాంట్లో నాలుగోవంతు కూడా కాలేదు.

మలుపు తిరిగి తూము దాటాం. ఏ చప్పుడూ లేదు. నాన్న నా ముఖం చూసి, ''పోయిందా?'' అన్నారు. తలూపాను. అమ్మ గుమ్మంలో లేదు, మంచినీళ్లూ లేవు. మేం వచ్చినట్టే ఆవిడకి తెలియలేదు!

సీజను అయ్యాక నాన్నని చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. రెండో చెవి కొంత నయమేగానీ, సన్నటి శబ్దాలు రెండిటికీ అందడం లేదన్నారు. మిషను పెట్టించాం. తమ్ముడూ ఆయనా ఓ ఒప్పందానికొచ్చారు. చీకటి పడ్డాక బండి తీయరు. హైవే ఎక్కాల్సి వస్తే తమ్ముడు తోలుతాడు. ఒప్పందం మీద ఇద్దరికీ అసంతృప్తే.

మిషను పెట్టుకుని మొదటిసారి బండి తోలిన రోజు నేను పక్కనే ఉన్నాను. ''ఇదింత రొద చేస్తదా!'' అని నాన్న ఆశ్చర్యపోయారు. కొంతదూరం పోయాక ఉన్నట్టుండి బండి పక్కకు ఆపి, తల ఒకవైపు వంచారు.

''అమ్మాయ్, కుడివైపు కిర్రుమంటంది. వినపడలా?''

నాకేం వినపడలేదు. ఆయన అప్పటికే తలుపు తీసుకుని దిగిపోయారు. ''ఆ నీళ్ల బాటిలిట్టియ్యి'' అన్నారు చెయ్యి చాపి.