నేర్చుకునే చేయి, నమ్మి కూర్చున్న ముఖం

మా చర్మవ్యాధుల విభాగంలో వారానికి ఒక మధ్యాహ్నం సౌందర్య చికిత్సల క్లినిక్ నడుస్తుంది. ఉదయం ఓపీలో గజ్జి, తామర, సోరియాసిస్, బొల్లి చూసిన పీజీ డాక్టర్లే మధ్యాహ్నం మంగు మచ్చలకీ, మొటిమల గుంటలకీ, అవాంఛిత రోమాలకీ చికిత్స చేస్తారు. పక్కన నేనో, మరో అధ్యాపకురాలో ఉంటాం. ప్రభుత్వాసుపత్రిలో ఈ సోకులెందుకని అడిగినవాళ్లున్నారు. ఈ క్లినిక్‌కి వచ్చిన మనుషుల్ని తలుచుకుంటే ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కోనక్కర్లేదు.

డిగ్రీ చదివే ఒక అమ్మాయి ముఖానికి చున్నీ చుట్టుకునే లోపలికి వచ్చింది. రెండు బుగ్గల నిండా మొటిమలు మిగిల్చిన గుంటలు. తండ్రి ఆటో నడుపుతాడు. బయట క్లినిక్‌లో చెప్పిన ఖర్చు ఆ ఇంటికి కొన్ని నెలల సంపాదన. ఆమెను చూసిన పీజీ అబ్బాయి ఉత్సాహంగా, "ఫ్రాక్షనల్ సీఓటూ లేజర్ పెడదామా మేడమ్?" అన్నాడు. ముందు గడ్డం కింద వేలితో నొక్కి చూడమన్నాను. లోపల గట్టిగా, నొప్పిగా గడ్డలు తగిలాయి. మొటిమలు ఇంకా చల్లారలేదు. అవి ఆగకుండా గుంటలకు చికిత్స చేస్తే, పాతవి సర్దుకునే లోపు కొత్తవి పడతాయి. అందుకని మొదట ఐసోట్రెటినాయిన్ మాత్రలు మొదలుపెట్టాం. దానికి ముందు కాలేయ పరీక్ష, రక్తంలో కొవ్వుల పరీక్ష చేయించాం. ఆ మందు వాడుతున్నప్పుడు, ఆపిన తర్వాత నెల రోజుల వరకూ గర్భం రాకూడదని, వస్తే బిడ్డకు తీవ్రమైన అవకరాలు రావచ్చని ఆ అమ్మాయికీ తల్లికీ విడివిడిగా చెప్పించాం.

మొటిమలు పూర్తిగా అణిగాక అసలు పని మొదలైంది. గుంటలన్నీ ఒక రకం కావు. కొన్నిటిని అడుగున నారపోగులు కిందికి లాగి పట్టుకుంటాయి. వాటిని చర్మం కిందికి సూది పంపి తెంచాలి. సూదితో పొడిచినట్టు సన్నగా, లోతుగా ఉండే వాటి అడుగున గాఢమైన ట్రైక్లోరో ఎసిటిక్ ఆమ్లాన్ని సన్నని పుల్ల మొనతో తాకించాలి. ఏ గుంటకు ఏది అవసరమో గుర్తించి, పెన్నుతో ముఖం మీదే గుర్తులు పెట్టడం ఆ పీజీ నేర్చుకున్న తొలి పాఠం. పూర్తిగా పోవనీ, తగ్గుతాయనీ ఆ అమ్మాయికి మొదటి రోజే చెప్పాం. చివర్లో రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి చూపించినప్పుడు ఆమె తృప్తి పడింది. చెప్పినంతా చేశాం, చేయలేనిది చెప్పలేదు.

మంగు మచ్చలతో వచ్చిన ఒక గృహిణిది మరో కథ. మూడు వారాల్లో కూతురి పెళ్లి. కెమికల్ పీల్ చేసి ముఖం తేటగా చేయమంది. పీజీ అమ్మాయి గ్లైకోలిక్ ఆమ్లం, దాన్ని ఆపడానికి సోడియం బైకార్బొనేట్ ద్రావణం, టైమర్ అన్నీ చక్కగా సిద్ధం చేసుకుంది. "ఇంతవరకూ ముఖానికి ఏం రాశారమ్మా?" అని అడగమన్నాను. సంచిలోంచి ఒక ట్యూబు బయటికి వచ్చింది. పక్కింటావిడ చెబితే మూడేళ్లుగా మందుల షాపులో కొని రోజూ రాస్తోంది. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటాసోన్ కలిసిన క్రీము అది. 1975లో అమెరికాలో క్లిగ్‌మన్, విల్లిస్ అనే వైద్యులు మంగుకు ఇలాంటి మూడు మందుల కలయికను ప్రతిపాదించారు. వైద్యుడి కనుసన్నల్లో కొద్ది వారాలు వాడాల్సిన మందు మన దగ్గర తెల్లబడే క్రీముగా ఏళ్ల తరబడి ఇళ్లలో తిరుగుతోంది. స్టెరాయిడ్ వల్ల ఆమె బుగ్గల మీద చర్మం పలచబడి, ఎర్రటి సన్నని రక్తనాళాలు బయటపడ్డాయి. ఆ చర్మం మీద ఆమ్లం పూస్తే కాలుతుంది. కాలిన చోట మరింత నల్లబడుతుంది.

ఆ రోజు పీల్ చేయలేదు. క్రీము ఆపితే కొన్నాళ్లు ముఖం ఎర్రబడి మంట పుడుతుందనీ, భయపడి మళ్లీ ఆ ట్యూబు పట్టుకోవద్దనీ, ఎండలోకి వెళ్తే సన్‌స్క్రీన్ తప్పదనీ ఓపికగా చెప్పి పంపించాం. ఆమె కన్నీళ్లు పెట్టుకుంది. పీజీ అమ్మాయి ముఖమూ చిన్నబోయింది. సిద్ధం చేసుకున్నదాన్ని పక్కన పెట్టి, ఎదుటి మనిషికి వద్దని చెప్పి ఒప్పించడం చాలా కష్టమైన విద్య. ఆ విద్య పట్టుబడ్డ వాళ్లకే నేను సిరంజి ఇస్తాను.

ఇక, ఈ క్లినిక్ చర్మవ్యాధుల విభాగంలోనే ఎందుకుండాలో చెప్పే అనుభవం ఒకటుంది. బట్టల దుకాణంలో పనిచేసే యువకుడు బుగ్గ మీది పాలిపోయిన మచ్చ చూపించి, "కౌంటర్ దగ్గర నిలబడాలి మేడమ్, రంగు కలిసిపోయేలా చెయ్యండి" అన్నాడు. శోభి అనుకుని ఎవరో ఇచ్చిన పూతలు అప్పటికే వాడాడు. పీజీ దూదితో తాకి చూశాడు. స్పర్శ ఉన్నట్టే ఉంది. ముఖానికి నరాల సరఫరా ఎక్కువ కాబట్టి అక్కడి కుష్ఠు మచ్చల్లో స్పర్శ పోయినట్టు ఒక్కోసారి తేలదు. తల పక్కకు తిప్పించి మెడ చూడమన్నాను. చెవి కింద గ్రేట్ ఆరిక్యులర్ నరం ఉబ్బి, వేలికి గట్టిగా తగిలింది. బయాప్సీలో కుష్ఠు నిర్ధారణ అయింది. ఉచితంగా దొరికే బహుళ ఔషధ చికిత్స మొదలుపెట్టి, ఇంట్లోవాళ్లను కూడా పరీక్షించాం. తొలిదశలోనే దొరికింది కాబట్టి చేతులకూ కాళ్లకూ వైకల్యం రాలేదు. మా ఎండీ కోర్సులో చర్మవ్యాధులు, సుఖవ్యాధులు, కుష్ఠు మూడూ కలిసి ఉంటాయి. ఆ చదువు లేని చేతుల్లో పడితే ఆ మచ్చ మీద రంగు పూసి పంపేసేవారు, నరం లోలోపల దెబ్బతింటూనే ఉండేది.

యంత్రాల సంగతికి వస్తే, మా పీజీలు చదివే పుస్తకాలు చాలావరకు తెల్లచర్మం మీది అనుభవంతో రాసినవి. ఎండకు చర్మం ఎలా స్పందిస్తుందో దాన్ని బట్టి చర్మ వైద్యుడు ఫిట్జ్‌ప్యాట్రిక్ 1975లో మొదలుపెట్టిన వర్గీకరణ తర్వాత ఆరు రకాలకు పెరిగింది. మనవాళ్లలో ఎక్కువమంది నాలుగు, ఐదు రకాల్లోకి వస్తారు. లేజర్ వెలుగు వెంట్రుక మూలంలోని మెలనిన్‌ను వెతుక్కుంటూ వెళ్తుంది. మన పైచర్మంలోనే మెలనిన్ దండిగా ఉంటుంది కాబట్టి దారిలోనే వేడి పుట్టి చర్మం కమిలిపోవచ్చు. అందుకే రోమాల తొలగింపుకు 1064 నానోమీటర్ల ఎన్‌డీయాగ్ లేజర్ మనకు ఎక్కువ భద్రం. దాన్ని మెలనిన్ తక్కువగా పీల్చుకుంటుంది. అయినా చెవి ముందు చిన్న చోట పరీక్షించి, కొన్నాళ్లు ఆగి చూశాకే ముఖమంతా చేయనిస్తాను. గడ్డం మీద రోమాలతో వచ్చే అమ్మాయిని నెలసరి సరిగ్గా వస్తోందా అని అడగకుండా లేజర్ గదిలోకి తీసుకెళ్లకూడదన్నది మరో నియమం. పీసీఓఎస్ ఉంటే దానికీ వైద్యం జరగాలి.

ముడతలకు వాడే బోట్యులినం టాక్సిన్ కూడా జాగ్రత్తగా గమనించిన కళ్లు ఇచ్చిన మందే. కెనడాలోని వాంకూవర్‌లో కంటి వైద్యురాలు జీన్ కరుథర్స్ కనురెప్పలు బిగుసుకుపోయే జబ్బుకు ఈ మందు ఇస్తూ, కనుబొమల మధ్య ముడతలు తగ్గడం గమనించారు. చర్మ వైద్యుడైన భర్త అలస్టర్‌తో కలిసి 1992లో ఆ సంగతి ప్రచురించారు. ఈ ఇంజెక్షన్ నేర్పేటప్పుడు ఎముక అంచును వేలితో తడిమి, దానికి కనీసం సెంటీమీటరు పైన సూది గుచ్చమంటాను. మందు కిందికి పాకితే కనురెప్ప వాలిపోతుంది. అది కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. ముఖంలో పల్లాలు నింపడానికి ఎక్కించే ఫిల్లర్ అలా కాదు. పొరపాటున ధమనిలోకి పోతే చర్మం పాలిపోయి కుళ్లవచ్చు, చూపే పోవచ్చు. అందుకే హయలురోనిక్ ఆమ్లం ఫిల్లర్ తెరిచే ముందు, దాన్ని కరిగించే హయలురోనిడేజ్ బల్ల మీద ఉండాలి. ప్రమాదం జరిగితే మొదట ఏం చేయాలో, ఎంత ఇవ్వాలో పీజీ గడగడా చెప్పగలగాలి.

ఈ చికిత్సలన్నిటిలో పేషెంటు మెలకువగానే ఉంటారు. మన ప్రతి మాటా వింటారు. పీజీ చేయి వణికినా, నా గొంతు మారినా ఆ మనిషి గుండె జారుతుంది. అందుకే పీజీలతో ముందే ఒక ఒప్పందం. నేను "చాలు" అంటే మారు మాట లేకుండా చేయి తీసేయాలి. తప్పొప్పులు పేషెంటు వెళ్లాకే మాట్లాడుకుంటాం. కుర్చీలో కూర్చోబెట్టే ముందు పేషెంటుకు నేనే చెబుతాను: "అమ్మా, చికిత్స చేసేది మా పీజీ డాక్టరు. మొదటి నుంచి చివరి దాకా నేను పక్కనే ఉంటాను. మీకిష్టం లేకపోతే నేనే చేస్తాను." ఇలా చెబితే అందరూ లేచి వెళ్లిపోతారని కొందరు భయపడతారు. నా అనుభవంలో ఎక్కువమంది కూర్చునే ఉన్నారు. డబ్బులేని మనిషి ముఖం సాధన చేసుకోవడానికి దొరికిన వస్తువు కాదని మా పీజీలకు ఆ కాసేపట్లో అర్థమవుతుంది.

జుట్టు మార్పిడి లాంటి సౌందర్య చికిత్సలు మొదలుపెట్టడానికి వర్క్‌షాపులో చూడటం, యూట్యూబు చూడటం చాలదని 2022లో జాతీయ వైద్య కమిషన్ స్పష్టం చేసింది. మరి ఎక్కడ నేర్చుకోవాలి? బోధనాసుపత్రుల్లోనే, గురువు ఎదుట, పేషెంటుకు తెలిసి నేర్చుకోవాలి. మనం నేర్పకపోతే కోర్సు ముగిశాక అద్దె గదిలో, పక్కన ఎవరూ లేకుండా, ఎవరో ఒకరి ముఖం మీద నేర్చుకుంటారు. అందుకే చర్మవ్యాధుల పీజీ కోర్సు ఉన్న ప్రతి కాలేజీలో ఇలాంటి క్లినిక్ ఉండాలి, అధ్యాపకుల సమయాన్ని దానికి కేటాయించాలి.

పాఠకులకు ఒక మాట. ముఖానికి ఏ చికిత్సకు వెళ్లినా, చేసేది ఎవరు, వారి అర్హత ఏమిటి, పూసేదీ గుచ్చేదీ ఏ మందు, తేడా వస్తే ఏం చేస్తారు అని మొహమాటపడకుండా అడగండి. సూటిగా జవాబు చెప్పని చోట కుర్చీలోంచి లేచి వచ్చేయండి.