గంటల బేరం

సొంత విమానం అనగానే మనవాళ్ళకి ఇద్దరే గుర్తుకొస్తారు. ఒకడు కుబేరుడు, రెండోవాడు ఆయన దగ్గర్నుంచి దాన్ని లాక్కున్న రావణాసురుడు. ఇద్దరూ డబ్బిచ్చి కొన్నవాళ్ళు కారు. అంచేత విమానం బేరమాడి కొనుక్కోవడమనే సంగతి మన ఊహకి అందదు. కాని అమెరికాలో చిన్న ఊళ్ళ విమానాశ్రయాలకి వెళ్ళి చూడండి. ఎండకి రంగు వెలిసిపోయి, రెక్కలకీ తోకకీ తాళ్ళు కట్టించుకుని, సంతలో గేదెల్లా వరుసగా నిలబడి ఉంటాయి పాత విమానాలు. వాటి యజమానులు కోటీశ్వరులు కారు. బడిపంతుళ్ళు, నర్సులు, రిపేరుషాపుల వాళ్ళు, మామూలు ఉద్యోగస్తులు.

మన కాలేజీ వర్క్‌షాపులో ఆకురాయి పట్టి, మెకానికల్ డిగ్రీ పుచ్చుకుని, ఆనక టెక్సస్ చేరిన నాకు ఈ సంత సంగతులు తెలియడానికి కారణం మా అక్క కూతురు. పదో ఏట తల్లిదండ్రులతో ఇక్కడికి వచ్చింది. పగలు ఒక ల్యాబులో ఉద్యోగం, సెలవురోజుల్లో విమానం నడపడం. ప్రైవేట్ పైలట్ లైసెన్సు సంపాదించి, లాగ్‌బుక్కులో 90 గంటలు పోగుచేసుకున్నాక 2023లో ఒకరోజు, "మావయ్యా, మనం ఒక విమానం చూడాలి" అంది. పెళ్ళిసంబంధం చూడాలన్నంత మామూలుగా అంది.

ఎందుకో చెప్పాలంటే ఇక్కడి గంటల లెక్క కొంచెం చెప్పాలి. ప్రైవేట్ లైసెన్సుకు కనీసం 40 గంటలు ఎగరాలి. దానితో సొంతానికి ఎగరవచ్చుగాని, జీతం పుచ్చుకోకూడదు. జీతం కావాలంటే కమర్షియల్ లైసెన్సు ఉండాలి. మామూలు పద్ధతిలో దానికి 250 గంటలు. పెద్ద ఎయిర్‌లైన్స్‌లో కో-పైలట్‌గా కూచోవాలంటే సాధారణంగా 1500 గంటలు. డిగ్రీ కాలేజీల్లో వైమానిక విద్య చదివినవాళ్ళకీ, మిలిటరీ పైలట్లకీ కొంత సడలింపు ఉంది. ఈ 1500 నిబంధన 2013లో అమల్లోకి వచ్చింది. 2009 ఫిబ్రవరిలో బఫెలో నగరం దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం కూలి 50 మంది పోయారు. ఆ దుర్ఘటన తర్వాత 2010లో కాంగ్రెసు చట్టం చేసింది. చిత్రమేమిటంటే, ఆ విమానం నడిపిన ఇద్దరికీ 1500కి మించే గంటలున్నాయి. అంటే గంటల అంకె ఒక్కటే మనిషిని కాపాడదన్నమాట. అయినా ఆ అంకె లేకుండా గుమ్మం దాటనివ్వరు.

అంచేత మా అమ్మాయికి ముందు కావలసినవి 160 గంటలు. అద్దెకి తీసుకుంటే మా ఊళ్ళో రెండు సీట్ల విమానం పెట్రోలుతో సహా గంటకి 140 డాలర్లు. సొంతంగా కొంటే?

ఇద్దరం కాగితం తీసుకుని కూచున్నాం. ఎగిరినా ఎగరకపోయినా తప్పని ఖర్చులు కొన్ని ఉన్నాయి: కట్టేసి ఉంచడానికి అద్దె, ఇన్సూరెన్సు, ప్రతి 12 నెలలకీ తప్పనిసరిగా చేయించాల్సిన తనిఖీ. అన్నీ కలిపి మా లెక్కలో ఏడాదికి 4800 డాలర్లు తేలింది. ఎగిరితే అయ్యే ఖర్చు: గంటకి ఆరు గాలన్ల పెట్రోలుకు 36, ఎప్పటికైనా తప్పని ఇంజను ఓవర్‌హాలు కోసం దాచవలసింది 15, ఆయిలుకీ చిల్లర రిపేర్లకీ 9, వెరసి 60. ఏడాదికి 60 గంటలే ఎగిరితే తప్పని ఖర్చు గంటకి 80 పడుతుంది. మొత్తం 140, అంటే అద్దె విమానంతో సమానం. ఇక కొనడమెందుకు? అదే 240 గంటలు ఎగిరితే తప్పని ఖర్చు గంటకి 20కి దిగి, మొత్తం 80 అవుతుంది. విమానం ఒకటే, తాళ్ళూ అవే. చవక అన్నది విమానంలో లేదు, దాన్ని నడిపేవాళ్ళ శ్రద్ధలో ఉందని ఆ కాగితం చెప్పింది. వారానికోసారి మబ్బులు చూసి మానేసేవాళ్ళు అద్దెకి తీసుకోవడమే మేలు.

ఇక ఏ విమానం? ఇక్కడే మా ఇంట్లో రెండు పార్టీలయ్యాయి.

చేతిలో ఉన్నది 45 వేల డాలర్లు. 30 వేలు అమ్మాయి కూడబెట్టుకున్నవి. 15 వేలు మా అక్క విజయనగరంలో తన పేరనున్న ఇంటిస్థలం అమ్మి తెచ్చినవి. అక్క మనసు నాలుగు సీట్ల విమానం మీద ఉంది. "పుష్పక విమానంలో ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుంటుందంటారు కదరా, మనం నలుగురం పట్టకపోతే ఎలా?" అంది. మన దేశంలో హిందూస్థాన్ ఏరోనాటిక్స్ వారు తయారుచేసి, ఎందరో పైలట్లకి ఓనమాలు నేర్పిన పుష్పక్ విమానంలో ఉన్నవి రెండు సీట్లేనని చెప్పినా అక్కకి నచ్చలేదు.

నాలుగు సీట్లలో మా అందుబాటులో కనిపించింది పైపర్ చెరొకీ 140. రెక్క కింద ఉంటుంది, ఇంజను 150 హార్సుపవరు, గంటకి సుమారు ఎనిమిది గాలన్లు తాగుతుంది. అడిగిన ధర 44 వేలు. సెస్నా 172 అయితే ఇంకా నయం, కాని దాని ధర మా చేతికి అందలేదు. రెండు సీట్లలో ఉన్నది సెస్నా 150. రెక్క పైన, కాంటినెంటల్ ఓ-200 ఇంజను, 100 హార్సుపవరు. 1958 నుంచి 1977 దాకా వేల సంఖ్యలో తయారుచేశారు కనుక విడిభాగాలకి లోటులేదు, దాని జబ్బులు తెలియని మెకానిక్కు లేడు. అడిగిన ధర 31 వేలు.

150లో సుఖం తక్కువ. పక్కవాడి భుజం మన భుజానికి తగులుతుంది. తూకం మరీ ఇబ్బంది. మేము చూసినదాని మొత్తం బరువు 726 కిలోలు మించకూడదు. ఖాళీ విమానమే 504 కిలోలు. టాంకులు నిండా పోస్తే పెట్రోలు 71. మిగిలింది 151. నేను 88, అమ్మాయి 56. ఇక ఏడు కిలోలు – ఒక ఆవకాయ జాడీ. టెక్సస్ ఎండాకాలంలో వేడిగాలి పలచబడి రెక్కకి పట్టు తగ్గుతుంది, ఇంజను బలమూ తగ్గుతుంది, ఆ జాడీ కూడా దించేయాలనిపిస్తుంది. పైగా తేమగా ఉన్న రోజున, చలి లేకపోయినా, ఈ ఇంజను కార్బొరేటరులో మంచు పేరుకుంటుంది. వేడిగాలి పంపే మీట సమయానికి లాగడం అలవాటు చేసుకోవాలి.

ఇవన్నీ విని అమ్మాయి అన్నమాట ఇది: "మావయ్యా, నాకు కావలసింది విమానం కాదు, గంటలు. చెరొకీ కొంటే చేతిలో వెయ్యి డాలర్లు మిగుల్తాయి. మొదటి రిపేరు వచ్చిన రోజున నేనేం చెయ్యాలి?"

ఆ ప్రశ్న దగ్గర అక్క కూడా మాట్లాడలేదు.

చిన్న విమానం కొనేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఇదొక్కటే. ఉన్న డబ్బంతా పెట్టి కొన్న విమానం రెండు రకాలుగా చెరుపు చేస్తుంది. రిపేరుకు డబ్బులేక నేలమీదే కూచుంటుంది, లేదా రిపేరు చేయించకుండానే గాలిలోకి లేస్తుంది. మొదటిది నష్టం, రెండోది ప్రాణం. "ఈ ఒక్క వారానికి ఏమీ కాదులే" అనే మాట చేతకానివాడి నోటినుంచి రాదు, జేబు ఖాళీ అయినవాడి నోటినుంచి వస్తుంది.

అలాగని చవకదాని వెంట పడితే చాలదు. మేము మొదట చూసిన 150 ధర 24 వేలే. కొత్త రంగు, పెళ్ళికొడుకులా తళతళలాడుతోంది. 1991లో ఇంజను ఓవర్‌హాలు చేశారట, తర్వాత నడిచింది 210 గంటలేనట. ఈ ఇంజనుకు 1800 గంటలకోసారి ఓవర్‌హాలు కాబట్టి, "ఇంకా 1590 గంటలు మీవే" అన్నాడు అమ్మేవాడు. మేము వెంట తీసుకెళ్ళిన ముసలి మెకానిక్కు నవ్వాడు. తయారీదారు చెప్పే లెక్క గంటల్లోనే కాదు, 12 ఏళ్ళని కాలంలో కూడా ఉంది. నడవని ఇంజను విశ్రాంతి తీసుకోదు, తుప్పు పడుతుంది. తేమ చేరి సిలిండరు గోడల్ని తింటుంది, రబ్బరు గొట్టాలు బీటలు వారతాయి. ముప్పై ఏళ్ళలో 210 గంటలంటే ఏడాదికి ఏడు గంటలు. దానికితోడు లాగ్‌బుక్కుల్లో ఒకటి కనబడటంలేదు. దస్తావేజులు లేని పొలం మనం కొంటామా? వెనక్కి వచ్చేశాం.

రెండోది 1969 నాటిది. రంగు వెలిసి, సీటు గుడ్డ చిరిగి ఉంది. కాని ఇంజను ఓవర్‌హాలు 2016లో అయింది, అప్పటినుంచి క్రమంగా 900 గంటలు నడిచింది. 1969 నుంచి పుస్తకాలన్నీ ఉన్నాయి. మా మెకానిక్కు ఒక పూటంతా దాన్ని విప్పి చూశాడు. సిలిండర్లలో గాలి ఎంత నిలుస్తోందో కొలిచాడు. ఆయిలు ఫిల్టరు కోసి లోహపు రజను ఉందేమో వెతికాడు. ప్రభుత్వంవారు తప్పనిసరి చేసిన మరమ్మత్తులన్నీ పుస్తకంలో ఉన్నాయో లేవో సరిచూశాడు. సీటు జరిగే పట్టాలని వేలితో తడిమాడు. పాత సెస్నాల్లో ఆ పట్టాల రంధ్రాలు అరిగితే, విమానం లేచేవేళ సీటు వెనక్కి జారిపోతుంది. పైలట్ చేతులు మీటలకి అందవు. ఇలాంటివి ఫోటోలో కనబడవు. మెకానిక్కు మన మనిషి అయి ఉండాలి, అమ్మేవాడి మనిషి కాకూడదు.

ఓక్లహోమా సిటీలోని రిజిస్ట్రీలో విమానం మీద అప్పులేమీ లేవని తేలాక 31 వేలకే ఇచ్చిపుచ్చుకున్నాం. విద్యార్థి వీసా మీద వచ్చే మన పిల్లలకి ఒక సంగతి చెప్పాలి: అమెరికాలో విమానం ఒక వ్యక్తి పేర రిజిస్టరు కావాలంటే ఆ వ్యక్తి అమెరికా పౌరుడో, గ్రీన్‌కార్డు ఉన్నవాడో అయి ఉండాలి. మా అమ్మాయికి కార్డు ఉంది కనుక ఇబ్బంది లేకపోయింది.

మిగిలిన 14 వేలు వేరే బ్యాంకు ఖాతాలో వేసి, దానికి అక్క పేరు కూడా చేర్చింది. అక్క సంతకం లేకుండా డబ్బు కదలకూడదని ఆమె ఏర్పాటు. ఆ ఖాతాకి మేము పెట్టుకున్న పేరు "విజయనగరం".

నాలుగో నెలలో వచ్చింది పరీక్ష. కమర్షియల్ లైసెన్సుకు కావలసిన దూరప్రయాణం మర్నాడే. 300 నాటికల్ మైళ్ళకి తగ్గకుండా, ఒంటరిగా. ఆయిలు మార్చిన మెకానిక్కు పనిలోపనిగా సిలిండర్లు కొలిచి, నాలుగింట్లో ఒకదాంట్లో గాలి నిలవడంలేదని చెప్పాడు. ఎగ్జాస్టు వాల్వు కాలి పెచ్చు లేచింది. ఇంజను మాత్రం శుభ్రంగా స్టార్టవుతోంది, చెవికి తేడా తెలియడంలేదు. ఆ వాల్వు గాలిలో విరిగితే ఏమవుతుందో మెకానికల్ చదివిన వాళ్ళకి నేను చెప్పనక్కరలేదు. సిలిండరు మార్చడానికి 2400 డాలర్లు, మూడు వారాలు.

అమ్మాయి "ఇంకొక్క ట్రిప్పు వెళ్ళొచ్చి ఇస్తే?" అని అడగలేదు. తాళంచెవి ఆయన చేతిలో పెట్టి ఇంటికొచ్చి, తల్లిచేత సంతకం పెట్టించుకుంది. విజయనగరంలోని ఆ స్థలంలో ఇల్లు లేవలేదు గాని, దాని విలువ నాకు ఆరోజే తెలిసింది.

ఎనిమిది నెలల్లో 160 గంటలు పూర్తయ్యాయి. సిలిండరుతో కలిపి గంటకి 95 డాలర్లు పడింది. అద్దె విమానమైతే 140. కాని అంకెలకన్నా నాకు ఎక్కువగా నచ్చింది ఆ గంటలు గడిచిన తీరు. చుట్టూ తిరిగి ఒకే రన్‌వే మీద దిగడంతో అంకె నింపుకోలేదు. అడ్డగాలి వీచే ఊళ్ళూ, కొత్త విమానాశ్రయాలూ, రాత్రి ప్రయాణాలూ వెతుక్కుని మరీ ఎగిరింది. కోల్గన్ నేర్పిన పాఠం అదే కదా: అంకె గేటు దాటిస్తుంది, ఆ అంకె లోపల ఏముందో అదే ఇంటికి చేరుస్తుంది.

అక్క మాత్రం రెండో సీట్లో ఒక్కసారే ఎక్కింది. సిలిండరు మార్చిన తర్వాత ఎక్కింది. దిగాక నన్ను పక్కకి పిలిచి, "ఒరేయ్, నాలుగు సీట్లుంటే వెనక కూచునేదాన్ని. ముందు కూచున్నాను కాబట్టి పిల్ల చేతులు చూశాను. ఒణకలేదురా" అంది.

ఇప్పుడు అమ్మాయి ఇన్‌స్ట్రక్టరు. ఇతరులకి నేర్పుతూ జీతం తీసుకుంటూ 1500 వైపు నడుస్తోంది. పాత 150ని కొన్న ధరకి కాస్త అటూ ఇటూగా ఇంకో కుర్రాడికి అమ్మేసింది. వాడు బేరమాడటానికి వచ్చినప్పుడు లాగ్‌బుక్కులు బల్లమీద పరిచి, సిలిండరు సంగతి ముందే చెప్పి, "నీ మెకానిక్కుని తెచ్చుకో" అంది. ఆఖర్న ఒక ప్రశ్న అడిగింది: "ఇది కొన్నాక నీ దగ్గర ఎంత మిగుల్తుంది?"

వాడు తడుముకున్నాడు. "అయితే మూడు నెలలు ఆగి రా, అప్పటిదాకా ఎవరికీ ఇవ్వను" అంది. మూడు నెలలయ్యాక వచ్చాడు, ఇచ్చింది.