ఒంటికి ఎప్పుడు వెళ్ళావమ్మా?

రాజోలు వైపు పిల్ల. మూడో నెల. భర్త కువైట్‌లో ఉంటాడు, అత్తగారు తీసుకొచ్చారు. నేను నోరు విప్పేలోపే ఆవిడ అందుకున్నారు: "వేవిళ్ళేనండి, ఆయ్. మేం పడలేదాండి? వాంతులెక్కువైతే బిడ్డ గట్టిగా ఉన్నట్టే కదండీ!"

పిల్ల మాట్లాడలేదు. చేతిలో గిన్నె పట్టుకుని నోట్లో ఊరుతున్న నీళ్ళు ఉమ్ముకుంటోంది.

"ఒంటికి ఎప్పుడు వెళ్ళావమ్మా?"

"నిన్న మధ్యాహ్నం అనుకుంటానండి."

వచ్చిన నాలుగు చుక్కల్లోనూ కీటోన్లు కనిపించాయి. 50 కిలోల మనిషి 46కి దిగింది. బరువులో 5 శాతం తగ్గితేనే మేం ఉలిక్కిపడతాం.

మామగారు రోజూ బొండాం కొట్టి ఇచ్చేవారట. ప్రేమగా కాయంతా ఒక్కసారే తాగించేవారు, అరగంటలో అంతా బయటికొచ్చేసేది. కోనసీమలో ఈ మాట అంటే కోపాలొస్తాయి గానీ, బొండాం నీళ్ళలో పొటాషియం ఉన్నంతగా సోడియం ఉండదు. ఆగని వాంతులకి అదొక్కటే చాలదు. ఓఆర్‌ఎస్ కలుపుకుని చెంచాడు చెంచాడుగా తాగాలి. ఈ పిల్లకి ఆ దశ దాటిపోయింది. సెలైన్ పెట్టాం. వారాల తరబడి తిండి నిలవని ఒంట్లో బి1 విటమిన్ అడుగంటుతుంది, అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకే ముప్పు. అందుకని ముందు థయామిన్ ఇంజెక్షను ఇచ్చాం. కవలలో, ముత్యాల గర్భమో అని స్కాన్ చేస్తే ఒక్క బిడ్డే, గుండె చక్కగా కొట్టుకుంటోంది.

అందరికీ ఇంత అవసరం పడదు. కొత్తపేట నుంచి వచ్చే ఒకామెకి పోపు వాసనే శత్రువు. మొగుడు వంటింట్లోకి దిగాడు. ఆమె మంచం దిగకముందే గుప్పెడు మరమరాలు నమిలేది, అన్నం చల్లారాకే తినేది. ఐరన్ మాత్ర కొన్నాళ్ళు ఆపి, ఫోలిక్ యాసిడ్ మాత్రం వేసుకోమన్నాను. అంతే, గట్టెక్కింది.

కడుపుతో ఉన్నప్పుడు మాత్రంటే భయం ఊరికే పుట్టలేదు. 1957లో జర్మనీలో అమ్మకానికొచ్చిన థాలిడోమైడ్ వేలమంది పసివాళ్ళ కాళ్ళూ చేతులూ తినేసి 1961లో పోయింది. ఆ నీడ మంచి మందుల మీదా పడింది. డాక్సిలమిన్, బి6 కలిసిన వేవిళ్ళ మాత్రని అమెరికాలో కోర్టు కేసుల దెబ్బకి 1983లో కంపెనీయే ఆపేసింది. లోపమేమీ తేలక 2013లో మళ్ళీ అనుమతిచ్చారు. నేను రాసేదీ అదే.

ఈ వాంతుల గురించి 2023లో ఇంకో సంగతి తేలింది. బిడ్డ, మాయ వైపు నుంచి వచ్చే జీడీఎఫ్15 అనే హార్మోను తల్లి రక్తంలో పెరుగుతుంది. దానికి ముందునుంచీ అలవాటు లేని ఒళ్ళు ఎక్కువ తిరగబడుతుంది. అత్తగారికి ఇదే చెప్పాను: "మీరు పడ్డదీ, ఈ పిల్ల పడుతున్నదీ ఒకటి కాదండి. ఓర్పు చాలక కాదు." ఆవిడ బదులివ్వలేదు.

ఇంటికి పంపిన నాలుగో రోజు ఫోన్ మోగింది.

"డాక్టరమ్మగారూ, ఇవాళ అయిదుసార్లు వెళ్ళిందండి. నేనే లెక్కెట్టానండి, ఆయ్."