రెండు విమానాల నడుమ ఒక మజిలీ

పూర్వకాలపు హజ్ యాత్రికునికి మజిలీ అంటే ఒక సరాయి, ఒక బావి, ఒక రాత్రి నిద్ర. ఒంటెలకు అలసట తీరాలి గనుక మనిషికీ విశ్రాంతి దొరికేది. నేటి యాత్రికునికి మజిలీ అంటే రెండు విమానాల నడుమ మిగిలే గంటా, రెండు గంటలు. విశ్రమించవలసిన చోటనే అతడు అందరికన్నా ఎక్కువగా పరుగెత్తుతున్నాడు. ఈ పరుగులో శరీరం అలసిపోవడం ఒక సంగతి. సహనం, తోటివారిపై దయ, నమాజు పట్ల శ్రద్ధ కూడా అక్కడే పరీక్షకు నిలబడతాయన్నది మరొక సంగతి.

శంషాబాద్ నుండి జిద్దాకు నేరుగా వెళ్ళే విమానాలు ఉన్నాయి. అయినా మన కుటుంబాలలో చాలామంది టికెట్ ధర తగ్గుతుందనో, కోరిన తేదీ దొరికిందనో దుబాయి, దోహా, అబూదబీ, మస్కట్ నగరాల మీదుగా ఉమ్రాకు వెళుతుంటారు. వీటిలో దుబాయి విమానాశ్రయం గురించి కొంత తెలుసుకోవడం అవసరం. 1960లో అది ప్రారంభమైనప్పుడు గట్టిపరచిన ఇసుకే దానికి రన్‌వే. 2024లో అదే విమానాశ్రయం గుండా 9 కోట్ల 20 లక్షలకు పైగా ప్రయాణికులు సాగిపోయారు. మూడవ టెర్మినల్ 2008లో తెరుచుకుంది. దానికి అనుబంధంగా ఏ, బీ, సీ అనే పొడవైన భవనాలున్నాయి. ఏ నుండి బీకి రైలులో పోవాలి. ఒక చివరి గేటు నుండి మరొక చివరి గేటుకు చేరడానికి నడక, రైలు, ఎలివేటరు అన్నీ కలిపి అరగంటకు పైగా పట్టవచ్చు. మన ఊరి బస్టాండులో లాగా ఫలానా విమానం బయలుదేరుతోందని పిలుపు వినిపిస్తుందని కూర్చుంటే పొరపాటే. అక్కడ తెరల మీద గేటు సంఖ్య చూసుకొని నడవవలసిన బాధ్యత ప్రయాణికునిదే.

గత జనవరిలో మేము అయిదుగురం ఈ దారిన ఉమ్రాకు బయలుదేరాము. నేను, నా భార్య, నా చెల్లెలు, ఆమె కుమారుడు, మా మొహల్లాకు చెందిన డెబ్భై నాలుగేళ్ళ పెద్దాయన. ఆయన ఆర్టీసీలో డ్రైవరుగా పనిచేసి విశ్రాంత జీవితం గడుపుతున్నారు. మోకాళ్ళ నొప్పుల వల్ల ఆయనకు చక్రాల కుర్చీ కావాలని ముందుగానే నమోదు చేయించాము. ముగ్గురు కలిసి ప్రయాణిస్తే తమలో ఒకరిని అమీర్‌గా ఎన్నుకోవాలన్నది దైవప్రవక్త (స) నేర్పిన పద్ధతి. ఇంగ్లీషు చదవగలవాడు, ఓపిక గలవాడు గనుక ఇరవై ఎనిమిదేళ్ళ మా మేనల్లుణ్ణి అమీర్‌గా నిలిపాము. అతనికి ఉద్యోగంలో దొరికిన సెలవు తొమ్మిది రోజులే.

ఇహ్రామ్ విషయంలో అమీర్ నన్ను అడిగి ఒక నిర్ణయం తీసుకున్నాడు. తూర్పు దిక్కు నుండి జిద్దా చేరే విమానం దిగకముందే మీఖాత్ హద్దును దాటుతుంది. నజ్ద్ వాసులకు నిర్ణయించిన ఖర్నుల్ మనాజిల్ ఆ దిశలోనే ఉంది. కాబట్టి ఇహ్రామ్ ఆకాశంలో ఉండగానే, ఆ హద్దుకు ముందే పూర్తి కావాలి. అయితే రెండు తెల్లని వస్త్రాలు కట్టుకున్నంత మాత్రాన ఇహ్రామ్ అయిపోదు. నియ్యత్ చేసి తల్బియా పలికినప్పుడే మనిషి ఇహ్రామ్‌లో ప్రవేశిస్తాడు. అందువల్ల పురుషులం శంషాబాద్‌లోనే గుస్ల్ ముగించుకొని వస్త్రాలు ధరించాము. నియ్యత్ మాత్రం దుబాయి నుండి రెండవ విమానం పైకి లేచిన తరువాతనే చేయాలని నిశ్చయించుకున్నాము. దారిలో ఏదైనా ఆటంకం వస్తే గంటల తరబడి ఇహ్రామ్ నియమాల బంధంలో ఉండవలసిన కష్టం తప్పుతుంది.

ఆటంకం రానే వచ్చింది. ఆనాటి ఉదయం పొగమంచు దట్టంగా కమ్ముకొని విమానం గంటకు పైగా ఆలస్యంగా లేచింది. కాగితం మీద రెండు గంటల అయిదు నిమిషాలుగా కనిపించిన వ్యవధి దుబాయిలో తలుపు తెరిచే వేళకు యాభై నిమిషాలయింది. మధ్యాహ్నం 12:15 అయింది. జిద్దా విమానం 1:05కు. విమానం కదలడానికి ఇరవై నిమిషాల ముందే గేటు మూసివేస్తారు గనుక మా చేతిలో మిగిలింది నిజానికి అరగంట. అందులోనూ చక్రాల కుర్చీ ప్రయాణికులను అందరూ దిగిన తరువాతనే దింపుతారు. తరువాత భద్రతా తనిఖీ మరొకసారి. ఆ తరువాత రైలు.

విమానం తలుపు దగ్గర నిలబడి పెద్దాయన మా మేనల్లునితో అన్నారు: "బేటా, మీరంతా ముందు పొండి. ఈ కుర్చీ నన్ను మెల్లగా తీసుకొస్తుంది. అల్లాహ్ ఇల్లు ఎక్కడికీ పోదు." మక్కాలో ఆ రాత్రికి గది అద్దె ముందే చెల్లించి ఉన్నామని, కనీసం నలుగురమైనా వెళితే మంచిదని నా చెల్లెలు అన్నది. ఆమె మాటలోనూ న్యాయం లేకపోలేదు. పరుగెత్తితే నలుగురికీ ఆ విమానం అందే అవకాశం ఉంది. అమీర్ ఒక్క క్షణం గడియారం చూశాడు. తరువాత పెద్దాయన సంచి తన భుజాన వేసుకొని, "చాచా, అల్లాహ్ ఇల్లు ఎక్కడికీ పోదని మీరే అంటున్నారు. మరి మాకు తొందరెందుకు?" అన్నాడు.

మా నడక మొదలైంది. కుర్చీ తోసిన మలయాళీ యువకుడు తన శక్తినంతా ఉపయోగించాడు. తనిఖీ దగ్గర మమ్మల్ని పక్క వరుసలో నిలబెట్టి త్వరగా దాటించాడు. రైలు ఎక్కాము, దిగాము, పొడవైన దారి వెంట సాగాము. గేటు చేరేసరికి 12:53. అద్దం అవతల విమానం కనిపిస్తూనే ఉంది, తలుపు మూసి ఉంది. అక్కడి ఉద్యోగిని మర్యాదగానే తల అడ్డంగా ఊపింది. ఆమెను తప్పు పట్టడానికి ఏమీ లేదు. ప్రయాణికుడు ఎక్కని పక్షంలో అతని సామానును కూడా దించివేయాలన్నది భద్రతా నియమం. ఎక్కినవారి లెక్క, బరువు లెక్క ముగిసి, కాగితాలు పైలటు చేతికి చేరాకనే విమానం కదలాలి. ఆ కదలికకు నిర్ణయించిన సమయం తప్పితే వెనుక వరుసలో ఉన్న మరెన్నో విమానాలు ఆగిపోతాయి. ఒకరి కోసం తలుపు తెరిస్తే వందలాది మందికి ఇబ్బంది.

దైవప్రవక్త (స) ప్రయాణాలలో బృందానికి వెనుకగా ఉండి, బలహీనులను ముందుకు నడిపించేవారని, నడవలేనివారిని తన వాహనం వెనుక ఎక్కించుకునేవారని హదీసు గ్రంథాలలో ఉంది. ఇరవై ఏళ్ళకు పైగా ఈ హదీసును పిల్లలకు బోధిస్తున్నాను. దానిని ఆచరించడానికి అయ్యే వెల ఎంతో ఆనాడు ఒక యువకుడు చెల్లిస్తుంటే చూశాను. తొమ్మిది రోజుల సెలవులో ఒక రోజు, మక్కాలో ఒక రాత్రి అద్దె. అతని ముఖంలో విచారం ఉంది, పశ్చాత్తాపం మాత్రం లేదు.

మా రెండు ప్రయాణాలు ఒకే బుకింగులో ఉన్నందువల్ల ట్రాన్స్‌ఫర్ కౌంటరులో అదనపు రుసుము లేకుండా రాత్రి విమానానికి కొత్త బోర్డింగ్ పాసులు, భోజనానికి కూపన్లు ఇచ్చారు. అదే వరుసలో మా వెనుక నిలబడిన ఒక కుటుంబం వేర్వేరు సంస్థల టికెట్లను వేర్వేరుగా కొనుక్కొని వచ్చింది. మొదటి విమానం ఆలస్యానికి రెండవ సంస్థ బాధ్యత వహించదు. వారు నలుగురికీ అప్పటికప్పుడు కొత్త టికెట్లు కొనవలసి వచ్చింది. టికెట్ కొనేటప్పుడు మిగిలిన నాలుగు వేల రూపాయలు అక్కడ ఎన్నో రెట్లు అయ్యాయి.

ఇక ఎనిమిది గంటల నిరీక్షణ. నియ్యత్ చేయలేదు గనుక సువాసన గల సబ్బుతో చేతులు కడుక్కోవడానికి, చలికి తల మీద శాలువా కప్పుకోవడానికి మాకు అభ్యంతరం లేకపోయింది. విమానాశ్రయంలో నమాజు గదులు అనేకం ఉన్నాయి. మన తెలుగు నేలలో ఖిబ్లా పడమరకు, కొద్దిగా ఉత్తరంగా ఉంటుంది. దుబాయిలో అది పడమరకు, కొద్దిగా దక్షిణంగా ఉంటుంది. ఆ చిన్న మార్పు గమనించినప్పుడు మక్కా ఎంత చేరువైందో హృదయానికి తెలిసింది. జుహ్ర్, అస్ర్, ఇషా నమాజులను ప్రయాణికులుగా రెండేసి రకాతులకు కుదించి, మగ్రిబ్‌ను మూడు రకాతులుగానే చేశాము. ఒక పూట స్థానిక ఇమామ్ వెనుక నిలబడ్డప్పుడు మాత్రం ఆయనతో పాటు నాలుగూ పూర్తి చేశాము.

అస్ర్ తరువాత అందరూ కొంత దిగులుగా కూర్చుని ఉండగా వారికి ఇబ్నె బతూతా సంగతి చెప్పాను. 1325లో ఇరవై ఒక్క ఏళ్ళ వయసులో తంజీర్ నుండి హజ్‌కు బయలుదేరిన ఆయన ఈజిప్టు దాటి ఎర్ర సముద్రపు ఒడ్డున ఉన్న ఐధాబ్ రేవుకు చేరుకున్నాడు. సముద్రం దాటితే జిద్దా. కానీ అక్కడ స్థానిక పాలకునికి, ఈజిప్టు సైన్యానికి పోరు జరిగి ఓడలు ధ్వంసమయ్యాయి. వచ్చిన దారినే తిరిగి కైరోకు వెళ్ళి, అక్కడి నుండి సిరియా మీదుగా, డమాస్కస్ హజ్ బిడారంతో కలిసి 1326లో మక్కా చేరుకున్నాడు. ఓడ తప్పిపోవడం వల్లనే ఆ ఏడాది రమజానులో డమాస్కస్ పండితుల సన్నిధి ఆయనకు లభించింది. "ఆయనకు నెలలు పట్టింది, మనకు ఎనిమిది గంటలే కదా మామూ" అన్నాడు మా మేనల్లుడు. పెద్దాయన మొదటిసారి నవ్వారు.

ఆ నిరీక్షణలోనే జగిత్యాల ప్రాంతానికి చెందిన ఒక యువకుడు మా తెలుగు మాటలు విని దగ్గరకు వచ్చాడు. మొదటిసారి కొలువు కోసం గల్ఫుకు వెళుతున్నాడు. చేతిలో ఏజెంటు ఇచ్చిన ప్లాస్టిక్ కవరు, అందులో పాస్‌పోర్టు, కాగితాలు. బోర్డింగ్ పాసు మీద ముద్రించిన గేటు దగ్గర గంటన్నరగా కూర్చున్నాడు. గేటు మారిన సంగతి తెర మీద ఉంది, అతడు ఇంగ్లీషు గాని అరబీ గాని చదవలేడు. ఇంకా నలభై నిమిషాల వ్యవధి ఉంది. ఆ విమానం తప్పితే అతని కోసం కౌంటరులో మాట్లాడేవారెవరు? కంపెనీ మనిషి ఆ రాత్రి విమానాశ్రయానికి మళ్ళీ వస్తాడా? వడ్డీకి తెచ్చిన డబ్బుతో కొన్న ప్రయాణమది. మధ్యాహ్నపు పరుగులో దారులన్నీ తెలిసిపోయిన మా మేనల్లుడు అతణ్ణి వెంటబెట్టుకొని వెళ్ళి, కొత్త గేటు లోపలికి పంపి తిరిగి వచ్చాడు. ఒక కష్టం వెనుక అల్లాహ్ ఎవరి మేలు దాచి ఉంచుతాడో మన లెక్కకు అందదు.

ఉమ్రాకు ఈ దారిన వెళ్ళదలచిన కుటుంబాలు కొన్ని విషయాలు గుర్తుంచుకోవాలి. వృద్ధులు, పిల్లలు వెంట ఉంటే రెండు విమానాల మధ్య కనీసం మూడు, నాలుగు గంటల వ్యవధి ఉంచుకోవాలి. మొత్తం ప్రయాణం ఒకే బుకింగులో ఉండాలి. సామాను నేరుగా జిద్దాకే చేరేలా ట్యాగు వేశారో లేదో శంషాబాద్‌లోనే చూసుకోవాలి. రెండవ విమానపు బోర్డింగ్ పాసు కూడా అక్కడే అడిగి తీసుకోవాలి. చక్రాల కుర్చీని కనీసం రెండు రోజుల ముందు కోరాలి. ఇహ్రామ్ వస్త్రాలు, మందులు, ఒక జత బట్టలు చేతి సంచిలోనే పెట్టుకోవాలి. దిగగానే ముందు తెర మీద గేటు చూసుకోవాలి, సమయం ఉందని తేలిన తరువాతనే తక్కిన పనులు. ఎవరి పాస్‌పోర్టు వారి దగ్గరే ఉండాలి. తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో ముందే చెప్పుకోవాలి. ఒంటెను కట్టి ఆ తరువాత అల్లాహ్‌పై భారం వేయమన్న ప్రవక్త (స) బోధన విమాన ప్రయాణికునికీ వర్తిస్తుంది.

ఇంత జాగ్రత్త పడినా ఒక్కొక్కసారి తలుపు మూసుకుపోతుంది. ఆ క్షణంలో మనం ఎవరిమన్నదే అసలు ప్రశ్న. ఉద్యోగి మీద గొంతు పెంచేవారమా, ఆలస్యానికి కారణమయ్యానని కుమిలిపోతున్న వృద్ధుని చేయి పట్టుకునేవారమా? కాబా చుట్టూ చేసే తవాఫ్‌లో కూడా చక్రాల కుర్చీలు, చంటిబిడ్డలు, కర్ర పట్టుకున్న ముసలివారు మన ముందు నడుస్తుంటారు. దారిలో వారికోసం అడుగు నెమ్మది చేయడం నేర్చుకున్నవాడు అక్కడ ఎవరినీ నెట్టడు. అల్లాహ్ మన ప్రయాణాలను సులభతరం చేయుగాక, మన తోటి ప్రయాణికులకు మనల్ని భారం కాకుండా తోడుగా చేయుగాక. ఆమీన్.