మిల్ లాక్స్ మంచు మీద గాలం

అమెరికాలోని మిన్నియాపోలిస్ నుంచి 169వ నంబరు హైవే పట్టుకుని ఉత్తరానికి సుమారు 160 కిలోమీటర్లు పోతే గ్యారిసన్ వస్తుంది. ఊరి మొగదల రోడ్డు పక్కనే పెద్ద వాలై చేప బొమ్మ. దాని వెనకే మిల్ లాక్స్ సరస్సు, లక్షా 32 వేల ఎకరాలు. జనవరిలో అక్కడ చుక్క నీరు కనపడదు. కనుచూపుమేర తెల్లటి మంచు, దాని మీద గుడారాలు, చెక్క గదులు, కార్లు.

మంచు మీదికి దిగే ముందు మా మేనల్లుడు, "మామయ్యా, సీటు బెల్టు తీసెయ్యండి, అద్దం దించండి" అన్నాడు. మంచు విరిగితే తలుపు కోసం తడుముకోకుండా బయటపడటానికి. ఒడ్డునున్న రిసార్టుల వాళ్లు మంచు మీద దారులు చదును చేసి, రుసుము తీసుకుని కార్లను వదులుతారు. కొత్తగా గట్టిపడ్డ తేట మంచు 4 అంగుళాలుంటే మనిషి నడవొచ్చు. చిన్న కారుకి 9, 10 అంగుళాలు కావాలి. తెల్లగా, పాలిపోయినట్టు ఉండే మంచుకి బలం సగమే, అందుకని మందం రెట్టింపు ఉండాలి. ఎంత మందమున్నా పూర్తి భరోసా లేదని ఇక్కడివాళ్లు పిల్లలకి కూడా నేర్పుతారు. కారు దిగాక మేనల్లుడు గడ్డపారతో పొడిచి చూస్తూ ముందు నడిచాడు. మా మెడల్లో తాడుకి కట్టిన రెండేసి మేకులు వేలాడుతున్నాయి. నీళ్లలో పడితే వాటిని మంచులో గుచ్చి, కాళ్లు తన్నుకుంటూ పొట్ట మీద పైకి పాకాలి. పైకొచ్చాక లేచి నిలబడకూడదు, దొర్లుకుంటూ దూరం పోవాలి.

నేను ప్రత్తిపాడు వాణ్ణి. పత్తి మా బతుకు. అయినా ఇక్కడ ఒంటికి తగిలే బట్ట నూలుది కాకూడదు. చెమటకి తడిసిందంటే ఆరదు, చలి ఎముకల్లోకి దిగుతుంది. లోపల ఉన్ని, పైన గాలి చొరని కోటు, బూట్ల కింద ఇనుప ముళ్లు.

మేనల్లుడు మంచు తొలిచే మోటారు ఆగర్‌తో 8 అంగుళాల రంధ్రం వేశాడు. నీళ్లు పొంగాయి, వాటితో పాటు మంచు తురుము. దాన్ని చిల్లుల గరిటెతో తోడేయాలి, లేకపోతే త్వరగా పేరుకుపోతుంది. మా ఊరి చెరువు గట్టున నీడ చూసుకుని కూర్చుని, బెండు మునిగేదాకా కాచుకునేవాళ్లం. ఇక్కడ అలా కుదరదు. వరసగా రంధ్రాలు వేసి, ఒక్కోదాంట్లో చేప జాడ చూపే సోనార్ దించి, చేప లేకపోతే ఇంకోదానికి కదలాలి. వేటలో సగం ఈ వెతుకులాటే.

నీరు 4 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా బరువు. అందుకే పైన గడ్డకట్టినా అడుగున చేప బతుకుతుంది, కానీ మందకొడిగా ఉంటుంది. దూరం నుంచి ఉరికి రాదు, పెద్ద ఎర మింగదు. కాబట్టి రెండు, మూడు అడుగుల పొట్టి గాలం కర్ర, సన్నటి దారం, తళతళలాడే చిన్న రేకు, దాని కొక్కేనికి చిన్న చేప తలకాయ. రేకుని అడుగుకి తాకించి, ఓ అడుగు పైకెత్తి, కాస్త ఆడించి ఆపాలి. చేప పట్టేది ఆ ఆగినప్పుడే. రెండో గాలానికి బతికున్న చిన్న చేప గుచ్చి వదిలేశాం. చలికాలం ఇక్కడ మనిషికి రెండు గాలాలు వేసుకోవచ్చు.

మా గుడారంలో గ్యాస్ హీటరు వెలుగుతోంది. విషవాయువు నిండకుండా పైన గాలి కన్నం తెరిచే ఉంచాలి. కర్ర కొసన దారం దూరే కన్నాల్లో గడ్డకట్టిన మంచుని వేళ్లతో చిదిపేస్తూ కూర్చున్నాను.

మసక వెలుతురులోనూ వాలైకి చూపు ఆనుతుంది. అది వేటకి బయల్దేరేది ఎక్కువగా పొద్దు వాలాకే. సాయంత్రం సోనార్ తెర మీద అడుగునుంచి ఒక గీత లేచి, నా రేకు దగ్గరకొచ్చి ఆగింది. నేను రేకుని పిసరంత పైకి లేపాను. గీత కూడా లేచింది. దారం చిన్నగా టప్ మంది. మణికట్టు తిప్పి లాగాను.

రంధ్రంలోంచి ముందు తలొచ్చింది, పాల రంగు కన్ను, దువ్వెన పళ్లలా నిక్కబొడుచుకున్న వీపు ముళ్లు. కొలిచాం, ఉంచుకునే సైజు కాదు. గడ్డకట్టే గాలిలో కళ్లూ మొప్పలూ దెబ్బతింటాయి కాబట్టి గుడారంలోనే కొక్కెం తీసి వెంటనే వదిలేశాం. ఏ సైజు చేపలు ఎన్ని ఉంచుకోవచ్చో ప్రభుత్వం నియమాలు పెడుతుంది. 1837లో అమెరికా ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం ప్రకారం ఇక్కడి ఆదివాసులైన ఓజిబ్వేలకి ఈ నీళ్లలో వేట హక్కుంది. దాన్ని 1999లో అమెరికా సుప్రీం కోర్టు ఖాయం చేసింది. సరస్సులో చేప ఇంకా మిగిలుందంటే ఇలా కొలిచి, లెక్కపెట్టి పంచుకోవడం వల్ల కూడా అని నా నమ్మకం.

మనవాళ్లు ఎవరైనా పిల్లల్ని చూడ్డానికి జనవరిలో ఆ వైపు వెళితే సామాను కొనొద్దు. లైసెన్సు తీసుకుని, రిసార్టులో హీటరున్న గదిని పూటకి అద్దెకు అడగండి. రంధ్రాలు వాళ్లే వేసిపెడతారు. మధ్యాహ్నం మూడింటికల్లా గాలం నీళ్లలో ఉండాలి.