ఆస్టిన్‌లో రాసిన మా ఊరి పాలసీ

టెక్సాస్‌లో ఊరి బడులను నడిపేది స్కూల్ డిస్ట్రిక్ట్. ఏ డిస్ట్రిక్ట్ పాలసీ పుస్తకం తిరగేసినా వరస ఒకటే. 'ఎ' నుంచి 'జి' దాకా ఏడు విభాగాలు. 'బి' బోర్డు వ్యవహారాలు, 'డి' ఉద్యోగులు, 'ఎఫ్' విద్యార్థులు. ఒక్కో అంశం కింద సాధారణంగా రెండు రకాల కాగితాలుంటాయి. ఒకదాని మీద 'లీగల్' అని, రెండోదాని మీద 'లోకల్' అని రాసి ఉంటుంది. లీగల్ అంటే చట్టం చెప్పిన మాట, దాన్ని మార్చే హక్కు ఊరి బోర్డుకు లేదు. లోకల్ అంటే మన బోర్డు తనంతట తాను ఓటేసి పెట్టుకున్న నియమం. ఆ మాట చూసి కాస్త గర్వంగానే ఉంటుంది. ఇంటిపన్నులో అన్నిటికన్నా పెద్ద ముక్క స్కూళ్ళకే పోతుంది కదా, మన డబ్బు, మన నియమం అనుకుంటాం. తీరా పక్క ఊరి లోకల్ కాగితం తీసి చూస్తే చాలాచోట్ల పొల్లు పోకుండా మనదే.

రెండు ఊళ్ళకూ రాసిన చెయ్యి ఒకటే మరి. ఆ చెయ్యి రాజధాని ఆస్టిన్‌లో ఉంది. టెక్సాస్ అసోసియేషన్ ఆఫ్ స్కూల్ బోర్డ్స్ అని దాని పేరు, అందరూ టాస్బీ అంటారు. ప్రభుత్వ శాఖ కాదు. బోర్డులే కలిసి, చందాలు కట్టుకుని, 1949లో పెట్టుకున్న సంఘం. రాష్ట్రంలో వెయ్యికి పైగా డిస్ట్రిక్టులున్నాయి, దాదాపు అన్నిటికీ ఇందులో సభ్యత్వం ఉంది. అదే 1949లో గిల్మర్-ఐకిన్ చట్టాలు వచ్చి, సుమారు 4,500 ఉన్న డిస్ట్రిక్టులను 2,900కు కుదించాయి. రాష్ట్రం చెయ్యి స్కూళ్ళ మీదికి బలంగా చాచిన ఏడూ, స్కూలు బోర్డులన్నీ ఒక గొంతు కోసం చూసిన ఏడూ ఒకటే కావడం నాకు కాకతాళీయంగా అనిపించదు.

ఈ సంఘం అవసరమేమిటో తెలియాలంటే ముందు బోర్డులో కూర్చునే వాళ్ళను చూడాలి. ఎక్కువ చోట్ల ఏడుగురు ట్రస్టీలు. చట్టప్రకారమే జీతం లేదు. పళ్ళ డాక్టరో, ఇళ్ళమ్మే ఏజెంటో, రిటైరైన టీచరో, పిల్లలు అదే బడిలో చదువుతున్న తల్లో. పగలంతా సొంత పని చేసుకుని సాయంత్రం వచ్చి, పెద్ద సబర్బుల్లో అయితే కోట్ల డాలర్ల బడ్జెట్ మీద చెయ్యెత్తుతారు. సూపరింటెండెంట్‌ను నియమించేది, పన్ను రేటు నిర్ణయించేది, కొత్త బడుల కోసం బాండ్లకు జనం ఓటు అడిగేది వీళ్ళే. అయితే ఒంటరి ట్రస్టీకి ఏ అధికారమూ లేదు. బోర్డు అప్పజెప్పనిదే బోర్డు తరఫున ఏ పనీ చెయ్యకూడదు. ఎన్నికల్లో గెలిచిన ఉత్సాహంలో నేరుగా బడికెళ్ళి ప్రిన్సిపాల్‌ను ఆజ్ఞాపించబోయే కొత్త సభ్యుడికి ఈ సంగతి ఎవరో ఒకరు మెల్లగా చెప్పాలి. బహిరంగ సమావేశాల చట్టం మీద 90 రోజుల్లోగా శిక్షణ పూర్తి చెయ్యాలనీ, కోరం సరిపడా సభ్యులు చాటుగా కూడి బోర్డు పనులు తేల్చెయ్యకూడదనీ చెప్పాలి. టాస్బీ చేసే పనుల్లో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే. గెలిచిన మనిషిని సభ్యుణ్ణి చెయ్యడం.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. లాయర్లుంటారు, ఫోన్ చేస్తే సందేహం తీరుస్తారు. బస్సులు, బెంచీలు ఉమ్మడిగా కొనే ఏర్పాటుంది. వడగళ్ళ వానకు బడి పైకప్పు పోతే ఆదుకునే ఉమ్మడి బీమా నిధి ఉంది. మన కళ్ళు ఎప్పుడూ వీటి మీద పడవు.

పడాల్సింది మాత్రం 'అప్‌డేట్' మీద. టెక్సాస్ శాసనసభ బేసి సంవత్సరాల్లో జనవరిలో మొదలై 140 రోజులు కూర్చుంటుంది. ఆ కొద్ది నెలల్లో బడుల మీద చట్టాలు గుట్టలుగా వచ్చిపడతాయి. 2025లో బడివేళల్లో పిల్లలు సెల్‌ఫోన్లు వాడకూడదని చట్టం చేశారు. అది ఎట్లా అమలు చేస్తారో ప్రతి డిస్ట్రిక్టూ రాతపూర్వకంగా పెట్టుకోవాలి. వెయ్యి ఊళ్ళలో వెయ్యిమంది కూర్చుని రాయగలరా? ఆస్టిన్‌లో రాసి నంబరు వేసిన అప్‌డేట్లుగా పంపుతారు. ఊరి బోర్డు అజెండాలో అది ఒక్క పంక్తి. తరచూ చర్చ అక్కర్లేని అంశాలతో పాటు ఒకే మూటలో చేరుతుంది. మోషన్, సెకండ్, ఏడు చేతులు. నిమిషం పట్టదు. ప్రెస్సులో నమూనా శుభలేఖ చూపించి, పేర్లూ ముహూర్తమూ మార్చి అచ్చేసి ఇచ్చినట్టు ఉంటుంది వ్యవహారం. పెళ్ళి మనదే, కాదనలేం.

అదే సమావేశంలో గంటసేపు జనం మాట్లాడేది మరొకటి. ఏ వీధి పిల్లలు ఏ హైస్కూలుకు వెళ్ళాలన్న హద్దులు మారుస్తున్నారంటే డాలస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ళు కూడా బారులు తీరి వస్తారు. బడిని చూసి ఇల్లు కొన్న జాతి కదా మనది. మైకు ముందు కొద్ది నిమిషాలు. అజెండాలో లేని విషయం ఎత్తితే బోర్డు వాదనకు దిగకూడదు. ఉన్న సమాచారం చెప్పడమో, ఉన్న పాలసీ చదివి వినిపించడమో, తర్వాతి అజెండాలో పెడతామనడమో తప్ప చట్టం మరో దారి ఇవ్వదు. ఏడుగురూ రాతిబొమ్మల్లా వింటుంటే 'వీళ్ళకు పట్టదు' అని విసుక్కుంటూ ఇంటికి పోతాం. ఎన్నికలప్పుడు ఓటుకు మాత్రం వెళ్ళం. ఓటింగు ఎంత పలచనో ఇక్కడ ఉన్న ఎవరినడిగినా చెప్తారు.

మన వైపు ఈ కథ వేరుగా నడిచింది. కోస్తా, రాయలసీమల్లో తాతల తరం చదివింది జిల్లా బోర్డు హైస్కూళ్ళలో. 1959 నాటి చట్టంతో జిల్లా పరిషత్తులు వచ్చి ఆ బడులు పరిషత్ హైస్కూళ్ళయ్యాయి. బడి నేమ్‌బోర్డు మీద పేరు పరిషత్తుది. టీచర్లు, జీతాలు, పాఠ్యపుస్తకాలు రాష్ట్రానివి. 2009 విద్యాహక్కు చట్టం బడికో యాజమాన్య కమిటీ పెట్టమంది. అందులో ముప్పాతిక వంతు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగంమంది ఆడవాళ్ళు కావాలి. బడి అభివృద్ధి ప్రణాళిక వాళ్ళే రాయాలి. కాగితం మీద ఇది టెక్సాస్ కన్నా మెరుగు. కానీ ఆ కూలితల్లికి ప్రణాళిక ఎట్లా రాయాలో చెప్పేవారెవరు? ఎవరి మీద కన్నేసి ఉంచాలో ఆ విద్యాశాఖవాళ్ళే వచ్చి శిక్షణ ఇస్తారు. నీ హక్కులేమిటో నీతో పేచీ పడగల మనిషి నోటనే వినాలి. అక్కడ కమిటీలు చందా వేసుకుని ఒక లాయర్ను పెట్టుకోగలిగిన రోజు వస్తే హెడ్‌మాస్టరు గదిలో మాటల తీరు మారుతుందేమో.

అలాగని టాస్బీ వంటివి మచ్చలేనివేం కావు. 2021 సెప్టెంబరులో జాతీయ స్కూల్ బోర్డుల సంఘం, బోర్డు సభ్యులకు వస్తున్న బెదిరింపుల మీద అధ్యక్షుడు బైడెన్‌కు లేఖ రాస్తూ దేశీయ ఉగ్రవాదం అనే మాట వాడింది. తల్లిదండ్రులు భగ్గుమన్నారు. నెల తిరక్కుండా ఆ భాషకు క్షమాపణ చెప్పింది. అయినా రాష్ట్ర సంఘాలు ఒకటొకటిగా బయటికొచ్చాయి, టెక్సాస్ 2022లో. ఊళ్ళ తరఫున మాట్లాడతానన్నది ఊళ్ళకు తెలియకుండా మాట్లాడితే ఏమవుతుందో ఆ లేఖ చూపించింది. బడుల పన్నుడబ్బుతో చందా కట్టి, ఆ చందాతో శాసనసభలో లాబీయింగ్ ఏమిటని ఆస్టిన్‌లో కొన్నేళ్ళుగా మళ్ళీమళ్ళీ బిల్లులు పెడుతున్నారు. అడిగేవాళ్ళు వట్టి గిట్టనివాళ్ళేం కాదు, ప్రశ్నలో పస ఉంది.

నేనైతే దీనికి జవాబు హ్యూస్టన్ వంటి చోట వెతకను. లక్షన్నరకు పైగా పిల్లలున్న డిస్ట్రిక్టు అది, సొంత లాయర్లను పెట్టుకోగలదు. అయినా 2023లో రాష్ట్రం అక్కడ ఎన్నికైన బోర్డును పక్కనబెట్టి తన మనుషులను కూర్చోబెట్టింది. వెతికేది పడమటి టెక్సాస్‌లో. డిస్ట్రిక్టు మొత్తం కలిపినా ఒక తరగతికి సరిపడా పిల్లలు లేనివి అక్కడ ఉన్నాయి. అటువంటి చోట సెల్‌ఫోన్ పాలసీ రాయమంటే, చట్టం చదివి చెప్పడానికి ఆస్టిన్ నుంచి వచ్చే ఆ కాగితమే పెద్ద దిక్కు. పెద్ద ఊళ్ళ బోర్డులు ఆ కాగితాన్ని చదివి, తమకు పొసగని వాక్యం కొట్టేసి, పైన ఇంకొకటి రాసుకోవచ్చు. లోకల్ అన్న కాగితంలో ఆ వీలుంది. పక్క ఊరికీ మాకూ తేడా ఉన్న చోటు కనపడితే పెన్సిల్‌తో గీత గీసుకుంటాను. ఈసారి అప్‌డేట్‌లో అలాంటివి నాలుగైనా తగిలితే, చెయ్యెత్తే ముందు ఎవరో చదివారన్నమాట.